తెల్లగోడ, నల్లపూస

1948 మే 30

ఈ పుస్తకం మొదలుపెట్టడానికి పెద్ద కారణమేమీ లేదు. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఏళ్ళ తరబడి రాసి రాసి చేతికి అదో జబ్బు పట్టుకుంది. ఇంటికొచ్చాక కూడా ఏదో ఒకటి రాస్తేగానీ తిన్నది అరగడం లేదు. అంతే. ఈ వామన్‌రావు భయపడి రాస్తున్నాడని ఎవడైనా అంటే వాడి నోట్లో మన్ను.

ఇవాళ స్టేషన్‌లో మళ్ళీ అదే జాతర. మంచాలు, బిందెలు, ఊయల బల్లలు, అన్నీ బెజవాడకో షోలాపూరుకో. ఒకాయన తిరగలి తెచ్చి తూకం వేయమన్నాడు. "ఏందయ్యా, ఆడ తిరగళ్ళు దొరకవా?" అన్నాను. "దొర్కుతయ్ సార్. గిది మా అవ్వది" అన్నాడు. తూకం వేసి చీటీ రాసిచ్చాను. షోలాపూరు నుంచి మా అమ్మాయి విమల కూడా రాస్తూనే ఉంది, మీరిద్దరూ వచ్చెయ్యండి నాన్నా అని. వెళ్ళొచ్చు. ఉద్యోగం ఒకటి ఏడ్చింది కదా. పైగా నా భార్య కమల ఈ ఇల్లు వదిలి కదలనంటుంది.

సాయంత్రం ఎదురింటి మునవ్వర్ భాయ్ దగ్గరికి అతని మేనల్లుడు వచ్చాడు. ఖాకీ బట్టలు, బూట్లు. గేటు దగ్గర ఆగి, మా ఇంటివైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళాడు. పనిమనిషి కిష్టవ్వ అంట్లు తోముతూ కమలతో అంటోంది: "గాయన రజాకార్లల్ల చేరిండంటమ్మా. జర పైలంగుండున్రి."

చూస్తే చూశాడు. ఎదురుగా ఇల్లుంటే చూడరా!

జూన్ 1

మా ఇంటివైపు ఎందుకు చూసినట్టు?

జూన్ 3

మేడగది అటక మీంచి నాన్న తుపాకి దించాను. దుమ్ము దులపడానికే.

మార్టినీ రైఫిల్. కింద లీవరు లాగితే నోరు తెరుస్తుంది, ఒక్క తూటా మింగుతుంది, మూసుకుంటుంది. ఒక్కటంటే ఒక్కటే. "రెండోది ఉందిలే అనుకునేవాడే మొదటిదాన్ని పారేసుకుంటాడురా" అనేవాడు నాన్న. ఇనుముకు తుప్పు పట్టలేదు. కానీ తుపాకి గుడ్డిది. గొట్టం కొసన మక్ఖీ లేదు. ఈగంత ఇనపముక్క, గురి పెట్టేవాడు వెనక సందులోంచి దాన్నే కదా చూడాలి! అది లేనిదే మార్టినీ అయినా దుడ్డుకర్ర అయినా ఒకటే.

అదేం పోలేదు. మునవ్వర్ దగ్గరుంది.

నాన్న పెట్టిన కట్టడి అది. కలిసి వేటాడిన ఇద్దరు వేట మానేసిన రోజున తుపాకుల మక్ఖీలు ఊడదీసి, ఒకరిది ఒకరు దాచాలి. మళ్ళీ కావాలంటే వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. "అడగడానికి నోరు రాలేదూ అంటే, అది చెయ్యకూడని పనే అన్నమాట" అనేవాడు. నేనూ మునవ్వరూ నర్సాపూర్ అడవిలో దుప్పుల వెంట తిరిగినంత కాలం తిరిగాం. మోకాళ్ళు మొరాయించాక ఒక ఆదివారం అతని వరండాలో చాయ్ తాగి, నాది అతనికిచ్చాను, అతనిది నేను పుచ్చుకున్నాను. అతనిది మా దేవుడి గూట్లో, కుంకుమ భరిణ పక్కన ఉంది. నాది అతని పాన్ సున్నం డబ్బీలో ఉంటుంది.

అడిగితే ఇస్తాడు. ఎందుకివ్వడు? రేపు అడుగుతాను.

జూన్ 4

అడగలేదు. తలనొప్పి.

జూన్ 6

మునవ్వర్ వరండాలో చదరంగం. కచేరీలో నాజరు పని చేసి పింఛను పుచ్చుకున్న మనిషి, ఎంత గంభీరంగా ఉండాలి! నేను చాయ్ కప్పు ఎత్తేలోపల ఏనుగును ఒక గడి జరిపేస్తాడు. పట్టుకుంటే, "గాలికి జరిగింది భాయ్" అంటాడు. చెక్క ఏనుగు గాలికి జరుగుతుందట. ఎప్పటిలాగే పోట్లాడుకున్నాం.

నడుమ రెండుసార్లు అడగబోయాను. మునవ్వర్ భాయ్, నా మక్ఖీ ఒకసారి ఇలా ఇవ్వు. ఇంతే కదా మాట. కానీ "ఎందుకు?" అంటే ఏం చెప్పను? నీ మేనల్లుడు మా ఇంటివైపు చూశాడు, అందుకు అని చెప్పనా? నీ గుమ్మం మా మేడగది కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది, అందుకు అననా?

అడగలేకపోయాను. నాన్న కాలం వేరు. ఆయన మాటలన్నీ ఈ రోజులకు పనికొస్తాయా?

జూన్ 9

అబిడ్స్‌కు వెళ్ళొచ్చాను. తుపాకిని పరుపులో చుట్టి, హోల్డాల్‌లో పెట్టి, రిక్షా ఎక్కాను. స్టేషన్ వాడు పరుపుచుట్టతో పోతుంటే ఎవడికి అనుమానం? అయినా పోస్టాఫీసు మలుపులో పోలీసువాడు చెయ్యెత్తేసరికి లైసెన్సు కోసం జేబులన్నీ తడుముకున్నాను. వాడు చెయ్యెత్తింది ఎడ్లబండికి.

పెద్ద పోస్టాఫీసు వెనక సందులో దేవకుమార్ దుకాణం. మెదక్ మనిషి, క్రైస్తవుడు. తుపాకుల పని తండ్రి నుంచి వచ్చింది, వాగుడు ఎవరి నుంచి వచ్చిందో. నా లైసెన్సు చూసి, తుపాకిని బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం కొసను బొటనవేలితో తడిమాడు.

"మక్ఖీ ఏడవోయింది సార్?"

"పడిపోయింది."

"గట్ల ఊకెనే పడదే! సరే, ముందుగల్ల వెనకది జూద్దాం. గీ ఇంగ్లీషు 'వి' అక్షరం లెక్క కోసిన రెక్క పడుచు కండ్లకు నడుస్తది. మనం మూడు జూడాలె గదా? వెనక సందు, ముందట మక్ఖీ, ఆడ నిలవడ్డ జంతువు. మూడిటిని ఒక్క తీరుగ జూసే కన్ను జర వయసు మళ్ళంగనే దేవుడు గుంజుకుంటడు. ఇగో, గిది జూడున్రి."

రూపాయంత ఇనప బిళ్ళ. నడుమ చిన్న రంధ్రం. కంటికి దగ్గరగా పెట్టుకుని దుకాణం బయటికి చూశాను. ఎదుటి దర్జీ బోర్డు మీది అక్షరాలు, బోర్డు మీద కాకి, కాకి ముక్కు! అబ్బ, ప్రాణం లేచొచ్చింది. కళ్ళద్దాలతో కూడా అంత తేటగా చూసి ఎన్నేళ్ళయిందో. అది బిగించమన్నాను.

ఇక మక్ఖీ. మూడు రకాలు పెట్టాడు. దంతపు పూస తెల్లగా, ఇత్తడిది పచ్చగా, ఉక్కుది నల్లగా.

"ఏం గొడ్తరు సార్?"

"దుప్పిని."

"ఎంత దూరంల?"

"నలభై గజాలు."

"నలభై గజాలా! దుప్పి మీకేమన్న సుట్టమా, గంత దగ్గరికి రానిస్తదా?"

"పొద చాటు నుంచి."

"ఏ యాళ్ళ?"

"పొద్దున. తెల్లవారాక."

"గట్లయితే గీ దంతపుది తీస్కోన్రి. అడివిల ఆకుల మీద, జంతువు తోలు మీద చుక్క లెక్క మెరుస్తది."

నిజంగానే మెరుస్తోంది. తుపాకి మీద ఆనించి అటూ ఇటూ తిప్పి చూశాను. చూస్తూ చూస్తూ దుకాణం గోడవైపు తిప్పాను. కొత్తగా సున్నం వేసిన గోడ. పూస మాయమైపోయింది.

"తెల్లదాని మీద కనబడదేం?" అన్నాను.

"దుప్పి సున్నం పూస్కొని వస్తదా సార్?" అని పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "నల్లదే ఇవ్వు" అన్నాను.

నవ్వు ఆపేశాడు. నా ముఖం చూశాడు. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నల్లది వేటగాళ్ళు తీస్కోరు సార్. చాంద్‌మారీల తెల్ల అట్ట మీద గొట్టెటోళ్ళు తీస్కుంటరు" అన్నాడు.

"అదే. చాంద్‌మారీకి."

"ఇప్పుడే దుప్పి అంటిరి?"

"రెండిటికీ. నీకెందుకయ్యా అవన్నీ?"

"నాకెందుకు సార్! బిగిచ్చుడు నా పని. ఏడ వెట్టి జూస్తరన్నది మీ పని." కొసన కొత్త దిమ్మె అతికి, పూసను ఒక్క స్క్రూతో బిగించాడు. వదులైతే కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ చాలునన్నాడు. వస్తుంటే మాత్రం గడప దాకా వచ్చి, "పైలం సార్" అన్నాడు. అందరూ నాకే చెబుతారేం పైలమని?

దుప్పి కోసమే. అడవికి వెళ్ళాలని ఎప్పటి నుంచో ఉంది.

జూన్ 10

మునవ్వర్ తన వరండా గోడకు ఏటా రంజాన్ నెలకు ముందు సున్నం వేయిస్తాడు. ఇవాళ కూలీలు వచ్చారు.

జూన్ 20

పొద్దున్నే మేడగది కిటికీ రెక్కలు బెత్తెడు తెరిచి, కుర్చీ వేసుకుని, సాధన. తూటా పెట్టను. గురి మాత్రమే. మన కన్ను మన అదుపులో ఉండాలి కదా. పూస కొంచెం కదులుతోంటే కమల కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించాను. తుపాకి సంచీలోనే ఉంచేశాను దాన్ని, మళ్ళీ మళ్ళీ కావాలి.

దేవకుమార్ వాగుడుకాయే గానీ పనిమంతుడు. మామూలు కంటికి మునవ్వర్ వరండా అంటే ఒక తెల్లని మసక, అందులో ఒక కుర్చీ, కుర్చీలో ఇంకో తెల్లని మసక. రంధ్రంలోంచి చూస్తే మీసంలో ఏ వెంట్రుక నెరిసిందో తెలుస్తుంది. సాసర్లో చాయ్ పోసుకుని ఊదుతాడు. చెయ్యి కొంచెం వణుకుతుంది. ఇన్నేళ్ళ స్నేహంలో అతని చెయ్యి వణుకుతుందని నాకు తెలీదు. నల్లపూస ఆ తెల్లచొక్కా మీద ఎంత చక్కగా నిలబడుతుందో.

గోడ మీద. గోడ మీద అని రాయబోయాను.

జూలై 4

ఇవాళ అబిడ్స్‌లో మునవ్వర్‌ని చూశాను. పోస్టాఫీసు మెట్లు దిగి ఆ వెనక సందువైపు తిరిగాడు. దేవకుమార్ సందు.

ఎందుకు తిరిగినట్టు? అతని దగ్గర తుపాకి ఉంది. దాని మక్ఖీ నా దేవుడి గూట్లో ఉంది. ఇంటికొచ్చి చూశాను, ఉంది. ఉంటే ఏం లాభం? నాది అతని డబ్బీలో ఉన్నా నేను కొత్తది కొనుక్కోలేదూ! నేను కొన్నానంటే అతను కొనకుండా ఉంటాడా? నాకున్న బుద్ధి అతనికి మాత్రం లేదా?

అతను ఏ రంగుది తీసుకుని ఉంటాడు? మా గోడ గచ్చు రంగు. దాని మీద దంతపుదే బాగా కనిపిస్తుంది.

జూలై 5

పిలిచాడు కాబట్టి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానిస్తాడు.

"ఏంది వామన్‌రావు, నల్లపూసవైపోయినవ్! దేఖ్‌నా భీ మహాల్" అన్నాడు. కనబడటం లేదని అందరూ అనే మాటే అది. నాకు తెలుసు. అయినా చేతిలో చాయ్ కప్పు కింద పెట్టేశాను.

"నిన్న అబిడ్స్‌లో కనిపించావు" అన్నాను.

"ఔ. ఔరంగాబాద్‌ల బిడ్డకు మనీఆర్డర్ చేసొచ్చిన. సందుల పాన్ గట్టిచ్చుకున్న."

మనీఆర్డరట. పాన్ అట. ఎంత చక్కగా చెప్పాడు! ఇవాళ ఏనుగును కూడా జరపలేదు. మనిషి మారాడు.

జూలై 18

ఏమీ జరగలేదు. జరగబోయింది.

మేనల్లుడు ఇంకో ఇద్దరితో వచ్చి ఈసారి మా గేటే కొట్టాడు. కమల వంటింట్లో ఉంది. నేను వెళ్ళాను, వెళ్ళాననే అనుకుంటున్నాను. "ఘర్‌మే కౌన్ కౌన్ హై?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల ఎదురింటి వరండాలోంచి మునవ్వర్ గొంతు చించుకుని ఉర్దూలో ఏదో అరిచాడు. అంత గొంతు అతనికుందని నాకు తెలీదు. మేనల్లుడు తల వంచుకుని అటు వెళ్ళాడు. లోపల చాలాసేపు కేకలు. తరువాత ఖాకీవాళ్ళు వెళ్ళిపోయారు.

కమల అంది: "మునవ్వర్ అన్న లేకుంటే ఏమైతుండెనో."

ఆడవాళ్ళకు అన్నీ పైపైనే కనిపిస్తాయి. ఇంట్లో ఎవరెవరున్నారో లెక్క తీయించుకుని, పని కాగానే పిలిపించుకున్నాడు. నాకా మాత్రం తెలీదా?

జూలై 26

మేనల్లుడు మళ్ళీ రాలేదు. రావడం లేదంటే లోపల ఏదో ఆలోచన నడుస్తోందన్నమాట.

ఆగస్టు 1

కమల చూసేసింది.

నేను తలుపు గడియ వేయడం మరిచాను. వెనకనుంచి వచ్చి ఎంతసేపు నిలబడిందో. చప్పుడై తిరిగి చూస్తే ముఖం పాలిపోయి ఉంది.

"ఏందిది?"

"సాధన."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. గోడ మీద."

వచ్చి నా భుజం మీదుగా వంగి బయటికి చూసింది. మునవ్వర్ కుర్చీలో కూర్చుని తస్బీ మాల తిప్పుకుంటున్నాడు.

"గోడ గాదు గదండి గది!" అంది. "విమల పుట్టినప్పుడు దవాఖానకు టాంగా ఎవరు దెచ్చిన్రు? మామయ్య పాడె ఒక దిక్కు ఎవరు వట్టిన్రు? గా మనిషి రొమ్ము మీద తుపాకి వెడ్తరా మీరు? మీకు సిగ్గనిపిస్తలేదా?"

"అతను కూడా కొన్నాడు. అబిడ్స్‌లో చూశాను నేను."

"కొన్నది జూసిన్రా?"

ఆమె చెయ్యి చాపింది. తుపాకిని చెక్క బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. కొంగున ముడి వేసుకుంది. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే బరువు దిగినట్టుంది. నేనేం పిరికివాణ్ణా? ముందుచూపు ఉన్నవాణ్ణి, అంతే.

ఆగస్టు 3

నిద్ర బాగా పట్టింది. రాయడానికేమీ లేదు.

ఆగస్టు 8

పండగ. మునవ్వర్ షీర్‌ఖుర్మా పంపాడు, ఎప్పుడూ వచ్చే ఆ కంచుగిన్నెలోనే. కమల తిన్నది. నా వాటా పెరటి పిల్లికి పోశాను.

సాయంత్రం దాకా పిల్లినే చూస్తూ కూర్చున్నాను. గోడ మీద శుభ్రంగా మూతి నాక్కుంటోంది, ముండ.

ఆగస్టు 10

కమల గిన్నె తిరిగివ్వడానికి ఎదురింటికి వెళ్ళింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా, బెల్లం పెట్టి పైన గుడ్డ కప్పింది. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అంది. ఎదురింటి నుంచి వస్తూ పొగేమిటి?

కుట్టుమిషన్ సొరుగులో స్క్రూడ్రైవర్ కనిపించింది. తుపాకి సంచీలో వదిలేశాననుకున్నానే! మతిమరుపు ఎక్కువవుతోంది.

సెప్టెంబర్ 13

విమానాలు. మొదట ఉరుములనుకున్నాను. ఇండియా మిలిట్రీ సరిహద్దు దాటి వస్తోందట. స్టేషన్‌కు రావద్దన్నారు.

బీరువా తాళంచెవి అడిగాను. పోయిందంది. కమల ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి గుండుసూది కూడా పోగొట్టిన మనిషి కాదు.

సెప్టెంబర్ 14

ఇవ్వలేదు.

సెప్టెంబర్ 15

ఎదురింటి తలుపులు మూసే ఉన్నాయి. వరండాలో కుర్చీ ఒక్కటే ఉంది. మనిషి కనబడితే ఒక భయం, కనబడకపోతే ఇంకో భయం.

సెప్టెంబర్ 17

సాయంత్రం రేడియోలో చెప్పారు. అయిపోయిందట. యుద్ధం లేదు, లొంగుబాటే. వీధి చివర ఎవరో కేకలు వేస్తున్నారు, సంతోషంతో. కమల దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంది.

నాకు సంతోషం ఎందుకు రావడం లేదు? నిన్నటిదాకా రాజ్యం వాళ్ళది. ఇవాళ లేదు. అన్నీ పోయినవాడికి ఇంకేం అడ్డం? తెల్లారనీ. తెల్లారితే అతను ఏమైనా చేస్తాడు.

సెప్టెంబర్ 18

అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా రాయాలి.

పొద్దున స్టేషన్ వైపు నుంచి గోల వినిపించింది. సందులోంచి ఎవరో పరుగెత్తారు. నేను వంటింట్లోంచి రోకలి తెచ్చి బీరువా తాళం పగలగొట్టాను. కమల కింద గుమ్మంలో నిలబడి ఉంది. చప్పుడు వినే ఉంటుంది, కానీ పైకి రాలేదు. తూటా పెట్టాను. నిజం తూటా. లీవరు మూసుకున్న శబ్దానికి నేనే ఉలిక్కిపడ్డాను. కిటికీ రెక్కల మధ్య గొట్టం పెట్టి కూర్చున్నాను.

మునవ్వర్ తలుపు తెరుచుకుంది. వరండాలోకి వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లగోడ. పిడికిలిలో ఏదో బిగించి పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, మెట్లు దిగి, మా ఇంటివైపు నడవడం మొదలుపెట్టాడు. పిస్తోలు అనుకున్నాను. పిస్తోలే అనుకున్నాను. భగవంతుడా, నా వేలు మీట మీదికి వెళ్ళింది.

రంధ్రంలోంచి చూశాను. ముఖం అద్దంలోలాగా కనిపించింది. గడ్డం మాసి ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటున్నాడు. నేను నల్లపూస కోసం వెతికాను. పూసను రొమ్ము మీదికి తేవాలి కదా. పూస లేదు. గొట్టం కొసన ఖాళీ దిమ్మె ఉంది, అంతే. తుపాకి గుడ్డిదై ఉంది. రంధ్రం నిండా అతని ముఖమే. భయంతో చచ్చిపోతున్న ముసలివాడి ముఖం. నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

నలభై గజాలకు పూస దేనికి, గొట్టం అటు తిప్పి నొక్కినా చాలు. వేలు ఇంకా మీట మీదే ఉంది. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

కింద గడియ తీసిన చప్పుడు. రంధ్రంలోకి కమల వీపు వచ్చింది. ఎదురెళుతోంది. అతనికీ నాకూ నడుమ నడిచి వెళుతోంది. తుపాకి నేను దించానో, అదే జారిందో నాకు తెలీదు.

ఎలా దిగానో దిగాను. గేటు దగ్గర మునవ్వర్ పిడికిలి విప్పుతున్నాడు. సున్నం డబ్బీ.

"భాభీ, గిది అమానత్, మీరు దాచమని ఇచ్చిన సొత్తు. తీస్కోన్రి. ఇయ్యాలో రేపో ఎవడన్న నా ఇంట్ల జొరవడ్తడు. ఎత్కపోతే మీకు ఏం జవాబు చెప్పాలె?"

తరువాత నన్ను చూశాడు. డబ్బీ మూత తీసి నా ముందు పెట్టాడు. అందులో రెండున్నాయి. ఒకటి నాన్న నాటిది, అరిగి తళతళలాడుతోంది. రెండోది నల్లపూస.

"పండుగ గిన్నెల బెల్లం కింద పెట్టి ఇచ్చింది భాభీ. 'అన్నా, మామయ్య కట్టడి. ఇది నీ దగ్గరనే ఉండాలె' అన్నది." పూసను వేలితో కదిపాడు. "మంచి మాల్ వామన్‌రావు. నల్లది దెచ్చినవ్. నా గోడ తెల్లది గదా."

వేటగాడు. పూస చూడగానే తెలిసి ఉంటుంది దేని కోసమో. పండగైన రెండో రోజు నుంచీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. సందు నడుమ, పట్టపగలు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. "నేను..." అన్నాను.

"ఛోడో" అన్నాడు, డబ్బీ కమల చేతిలో పెడుతూ. "నీ దగ్గర నాది ఉంది గదా, గది నాకొద్దు. నీ దగ్గరనే ఉండనీ. ఇగ పోతా. గోల దగ్గర్కి వస్తుంది."

నిజంగానే గోల దగ్గరికి వస్తోంది. అతను వెనక్కి తిరిగాడు. "ఉండు, నేనూ వస్తాను" అన్నాను. ఎవరన్నారు ఆ మాట? నేనే. పైకి వెళ్ళి తుపాకి తెచ్చాను. కమల డబ్బీ నాకు ఇవ్వబోయింది. వద్దన్నాను. గుడ్డి తుపాకి భుజాన వేసుకుని సందు దాటాను. భయపడుతూనే దాటాను, అది కూడా రాస్తున్నాను.

అతను లోపలి నుంచి ఇంకో కుర్చీ తేబోతే వద్దని, అతన్ని తలుపు పక్క నీడలో స్టూలు మీద కూర్చోమన్నాను. అతని కుర్చీలో నేను కూర్చున్నాను, తుపాకి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, సందులోకి కనబడేటట్టు. గుంపు వచ్చింది. గేటు ముందు ఆగింది. అందులో ఇద్దరు ముగ్గురు నన్ను ఎరుగుదురు, పార్సిళ్ళ కోసం వచ్చేవాళ్ళే. "ఏంది సార్, మీరు గీడ?" అన్నాడొకడు. "ఆట నడుస్తుంది" అన్నాను. మునవ్వర్ చదరంగం బల్ల ముందుకు జరిపాడు. రెండు పావులు కింద పడ్డాయి. వాళ్ళు కాసేపు నిలబడ్డారు. తుపాకి చూశారు. గొట్టం కొసన ఏముందో, ఏం లేదో వాళ్ళకేం తెలుసు? వెళ్ళిపోయారు. మళ్ళీ రావచ్చు. అందుకే సాయంత్రం దాకా కదల్లేదు. రేపు కూడా వెళతాను.

ఒకటి మిగిలింది.

గుంపు వెళ్ళాక మునవ్వర్ పడిపోయిన పావులు ఏరుతున్నాడు. నేను ఆ కుర్చీలోంచి తల ఎత్తాను. ఎదురుగా మా మేడగది కిటికీ. రెక్కల నడుమ నేను వదిలిపెట్టిన బెత్తెడు సందు. పొద్దుటి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. ఆ సందులోంచి నేను కూర్చునే కుర్చీ వీపు కనబడుతోంది, నల్లని మసకలాగా. నా పాడు కళ్ళకే, ఏ రంధ్రమూ లేకుండా, కనబడుతోంది. దూరపు చూపుకు అద్దాలు అక్కర్లేని మనిషి మునవ్వర్. జూన్ నుంచి రోజూ పొద్దున ఈ కుర్చీలోనే కూర్చుని, ఆ కిటికీకి ఎదురుగా, సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకున్నాడు, ఉపవాసాల నెలలో తస్బీ తిప్పుకున్నాడు. అందుకే కదా ఆ చెయ్యి వణికింది.

"కుర్చీ పక్కకు జరుపుకోవచ్చు కదా భాయ్" అన్నాను.

ఏనుగును ఒక గడి అవతల పెడుతూ, "జరుపుతె, నేను జూసినట్టు నీకు తెలుస్తుండె గద" అన్నాడు. "ఇగ నీ ఎత్తు వెయ్యి."